పటములో కనిపించని నీటిమర

లండను నగరమందలి నేషనల్ గ్యాలరీలో ఆరడుగుల వెడల్పుగల చిత్రపటమొకటి ఉన్నది. అందులో సమయము వేసవి మధ్యాహ్నము. లోతులేని నీటిలో మూడు గుఱ్ఱములు పూన్చిన ఖాళీ బండి నిలిచియున్నది. బండిలో ఇద్దరు మనుష్యులు. ఎడమవైపున పాత పెంకుటిల్లు. దాని ముంగిట నీటికై వంగిన స్త్రీ. గట్టుమీది కుక్క బండివైపు చూచుచున్నది. దూరాన పచ్చికబయలులో గడ్డి కోయువారు తెల్లని చుక్కలవలె అగుపడుదురు. వీటన్నిటిపైన మబ్బులు కమ్మిన విశాలమైన ఆకాశము. ‘హే వెయిన్’, అనగా గడ్డిబండి, అను పేరుతో లోకమెరిగిన ఈ పటమును 1821లో చిత్రించినవాడు జాన్ కాన్‌స్టేబుల్.

చూపరులు మొదట గమనింపని సంగతి యొకటి కలదు. ఆ బండి నిలిచినది ఊరి చెరువులో కాదు, ఒక నీటిమర మడుగులో. మర చక్రమును త్రిప్పి వెలువడిన నీరు అక్కడ వెడల్పై, నెమ్మదించి, ముందుకు సాగిపోవును. పటములోని చూపు బయలుదేరినది ఆ మర ముంగిటి నుండియే. కాని మర మాత్రము పటములో లేదు. తన ఇంటి వాకిట నిలిచి వీధిని చూచువానికి తన ఇల్లు కనిపించదు గదా! ఆ మర చిత్రకారుని తండ్రిది.

కాన్‌స్టేబుల్ అను పేరు వినగానే మనకు పోలీసుఠాణా జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ కుటుంబమునకు పోలీసులతో సంబంధము లేదు, పిండితోనే సంబంధము. ఇంగ్లాండు తూర్పుభాగమున సఫోక్, ఎసెక్స్ అను జిల్లాల నడుమ సరిహద్దుగా స్టూర్ అను చిన్ననది ప్రవహించును. దాని ఉత్తరపు గట్టున, ఈస్ట్ బెర్గోల్ట్ అను గ్రామమునకు చెందిన ఫ్లాట్‌ఫర్డ్ అనుచోట ఈ మర నిలిచియున్నది. ‘ఫర్డ్’ అనగా మనుష్యులు కాలినడకను, బండ్లు చక్రములు తడుపుకొనుచు ఏరు దాటు తావు. ఎఱ్ఱని ఇటుక గోడలు, ఏటవాలు కప్పు. గోడపైన 1733 అను సంవత్సరము. చిత్రకారుని తండ్రి గోల్డింగ్ కాన్‌స్టేబుల్ తన పినతండ్రి వారసుడుగా దీనికి యజమాని అయినాడు. తరువాత ఏటి ఎగువన డెడమ్‌లోని నీటిమర కూడ ఆయన చేతికి వచ్చినది. ఊరి బయట గాలిమర, పొలములు, బొగ్గువ్యాపారము, నది సముద్రమును కలియుచోట మిస్లీ రేవులో ‘టెలిగ్రాఫ్’ అను చిన్న ఓడ ఉండెడివి. చుట్టుప్రక్కల రైతుల గోధుమలు మరలో పిండి అయి, పడవలలో రేవు చేరి, ఓడలో లండనుకు పోవుచుండెడివి.

నీటిమర పనిచేయు తీరు మన ఇండ్లలోని తిరగలి ఎరిగినవారికి సులభముగనే బోధపడును. తిరగలిలో క్రిందిరాయి కదలదు, పైరాయి తిరుగును, నడిమి గుంటలో పోసిన గింజ రెండింటి నడుమ నలిగి అంచులవెంట పిండియై రాలును. నీటిమరలోను ఇంతే. రాళ్ల వ్యాసము మాత్రము నాలుగడుగులు. పైరాయి బరువు సుమారు టన్ను. పిడి పట్టుటకు చేయి చాలదు కనుక ఏటిని పట్టినారు. ఏటికి అడ్డుకట్ట వేసి, నీటిమట్టమును పెంచి, తూము తలుపు ఎత్తగానే ఆ నీరు చక్రపు పలకలమీద పడును. చక్రము నిదానముగనే తిరుగును. కాని దాని ఇరుసునకు తగిలించిన పండ్లచక్రములు ఒకదాని నొకటి త్రిప్పుచు వేగమును పెంచగా, పైనున్న రాయి నిమిషమునకు నూరుసార్లకు పైగా తిరుగును. రెండు రాళ్లు ఎన్నడును ఒరసికొనరాదు. వాటి నడుమ కాగితమంత సందు ఉండవలెను. గింజ అయిపోయి రాయి రాతికి తగిలినచో నిప్పురవ్వలు లేచి, గాలిలోని పిండికి అంటుకొని, మర అంతయు తగులబడిపోవచ్చును. అందుచే గింజ తరిగినంతనే మ్రోగునట్లు గంట కట్టెడివారు. మరలో పనిచేయువాడు జారుచున్న పిండిని బొటనవ్రేలితో నలిపి చూచి, రాళ్ల నడిమి సందును సరిదిద్దెడివాడు. మన తిరగళ్లకు కక్కు కొట్టించినట్లే అరిగిన రాళ్లకు మరల గంట్లు చెక్కించెడివారు.

ఈ విద్య ఇంగ్లాండుకు క్రొత్తది కాదు. 1086లో రాజు విలియం రాయించిన ‘డూమ్స్‌డే’ లెక్కల పుస్తకములో ఆరువేలకు సమీపముగా మరలు నమోదైనవి. వాటికి దాదాపు ఏడువందల ఏండ్ల తరువాతి తరమువాడు గోల్డింగ్. ఆయన ప్రత్యేకత మర త్రిప్పుటలో కాదు, మరను నదీవ్యాపారముతో జతపరచుటలో ఉన్నది.

స్టూర్ నదిని పడవల రాకపోకలకు అనువుగా చేయుటకు 1705లో పార్లమెంటు చట్టము చేసినది. మన గోదావరి, కృష్ణా డెల్టా కాలువలమీద పడవప్రయాణము చేసిన పెద్దలకు లాకుల సంగతి చెప్పనక్కరలేదు: రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపియో తీసియో పై మట్టమునకో క్రింది మట్టమునకో చేర్చుదురు. స్టూర్‌మీదను ఇదే పద్ధతి. గట్టున నడచు గుఱ్ఱము పడవలను తాటితో లాగెడిది. అయితే గట్టుబాట అంతయు ఒకేవైపున లేదు. బాట ఆవలిగట్టుకు మారినచోట గుఱ్ఱమును పడవలోనికే ఎక్కించి దాటించెడివారు. పశువులు పొలములలో పడకుండ బాటకు అడ్డముగా కట్టిన కంచెలపైనుండి దూకుటకు గుఱ్ఱములకు శిక్షణ ఇచ్చెడివారు. కాన్‌స్టేబుల్ 1819నాటి ‘తెల్ల గుఱ్ఱము’, 1825నాటి ‘దూకుచున్న గుఱ్ఱము’ పటములు ఈ రెండు వింతలను చూపును. తెలియనివాడు చూచినచో కవికల్పన అనుకొనును. అవి ఆ యింటి కుర్రవానికి నిత్యము కండ్లబడిన పనులు.

జాన్ 1776 జూన్ 11న పుట్టినాడు. రెండవ కుమారుడు. అన్నకు బుద్ధివికాసము తక్కువ కనుక వ్యాపారభారము జాన్‌మీదనే పడునని తండ్రి తలచినాడు. బడి చదువు ముగిసిన తరువాత జాన్ కొంతకాలము మరలో పనిచేసినాడు. ఊరివారు ‘అందగాడైన మరవాడు’ అని పిలిచెడివారట. గాలిమర చూచువానికి ఆకాశమును చదువుట వచ్చి తీరవలెను. ఏ మబ్బు వెనుక ఎంత గాలి వచ్చునో ముందే పోల్చుకొని తెరచాపలు సవరింపనిచో మర విరిగిపోవును. తరువాతి కాలమున కాన్‌స్టేబుల్ మబ్బులను ప్రత్యేకముగా చిత్రించి, ఒక్కొక్క కాగితము వెనుక తేదీ, గంట, గాలి దిక్కు వ్రాసికొన్నాడు. ఈ అలవాటునకు మూలము చిత్రకళాశాలలో వెదకనక్కరలేదు. ఆ గాలిమరలోని ఒక దూలముపై పదునారేండ్ల వయస్సున అతడు చాకుతో మర బొమ్మ చెక్కి, తన పేరును, 1792 అను సంవత్సరమును చేర్చినాడు. మర పోయినది, ఆ కొయ్యముక్క మిగిలినది.

చిత్రలేఖనమున అతనికి తొలి తోడు పండితుడెవ్వరును కాదు. జాన్ డంథార్న్ అను పొరుగువాడు. ఇండ్లకు గొట్టములు, కిటికీలకు అద్దములు బిగించి జీవించువాడు. ఇద్దరును కలిసి పొలములలో బొమ్మలు వేసెడివారు. చివరకు 1799లో తండ్రి మెత్తబడి కుమారుని లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలకు పంపినాడు. మరల భారము తమ్ముడు ఏబ్రం తలకెత్తుకొన్నాడు. ఈ తమ్ముని త్యాగమును చిత్రకళాచరిత్రలు ఒకటి రెండు వాక్యములతో ముగించును గాని, అతడు లెక్కలు వ్రాసి, గింజలు కొని, తూములు చూచికొనుటచేతనే అన్నకు రంగులకు డబ్బు దొరికినది. అన్న వ్రాసిన మర తిరుగునట్లే యుండుననియు, ఇతరులు వ్రాసినవానిని గూర్చి ఆ మాట అన్నివేళల చెప్పలేమనియు ఏబ్రం అనెడివాడట. మర ఎరిగినవాడిచ్చిన యోగ్యతాపత్రమిది.

మరను నేరుగా చూపిన పటము 1817లో ప్రదర్శింపబడినది. దానికి కాన్‌స్టేబుల్ పెట్టిన పేరు ‘నౌకాయానమునకు యోగ్యమైన నదిమీది దృశ్యము’. ఈ పొడిపేరును విని నవ్వుకొన్నవారున్నారు. అతనికి మాత్రము అదే ముఖ్యము. ముందువైపున గుఱ్ఱముపై ఒక బాలుడు కూర్చున్నాడు. వంతెన క్రిందుగా పడవలను గడలతో నెట్టుకొని పోవలసియున్నది కనుక గుఱ్ఱమునకు కట్టిన తాడు విప్పుచున్నారు. దూరమున లాకు, దాని వెనుక మర. క్రిందిమూలన నేలమీద పుల్లతో గీసినట్లు చిత్రకారుని సంతకమున్నది. చిన్ననాట ఆ బాటమీద ఎన్నిసార్లు అట్లు గీసినాడో!

ఆ పటము రూపొందిన 1816 ఆ యింటికి కఠినమైన సంవత్సరము. మే నెలలో తండ్రి కన్నుమూసినాడు. మరియా బిక్నెల్ అను యువతిని జాన్ ఏడేండ్లుగా ప్రేమించుచుండెను. బొమ్మలు వేసికొని బ్రతుకువానికి పిల్లనెట్లిత్తుమని ఆమె తాతగారు, ఈస్ట్ బెర్గోల్ట్ చర్చి గురువు, పట్టుపట్టినాడు. తండ్రి ఆస్తిలో వాటా వచ్చిన తరువాత ఈ పెండ్లికి దారి తెరచుకొన్నది. అనగా మర ఆర్జించిన ధనమే ఆ పెండ్లి జరిపించినది. తీరా ముహూర్తము సమీపించగానే పటము పూర్తికాలేదు, కొంచెము ఆగుదమని వరుడు జాబు వ్రాసినాడు! వధువు మందలించిన మీదట అక్టోబరులో వివాహము జరిగినది.

ఆ యేడు ప్రకృతియు వక్రించినది. 1815లో ఇండోనేషియాలోని టంబోరా అగ్నిపర్వతము బ్రద్దలైన ఫలితముగా ఐరోపాలో వేసవి రాలేదు. వానలకు పంటలు కుళ్లినవి. యుద్ధము ముగిసి సైనికులు పనిలేక తిరుగుచుండిరి. విదేశధాన్యమును అడ్డగించు 1815నాటి చట్టము భూస్వాములకు మేలు, కూలివారికి కీడు చేసినది. 1816 వసంతములో తూర్పు జిల్లాల కూలీలు రొట్టెకై తిరుగబడినారు. ఈలీ పట్టణములో ఐదుగురిని ఉరితీసినారు. 1822లో సఫోక్‌లో మరల గడ్డివాములు మండినవి, నూర్పుడు యంత్రములు ముక్కలైనవి. మంటలు కనిపింపని రాత్రి లేదని ఏబ్రం అన్నకు వ్రాసినాడు.

ఈ పొగ కాన్‌స్టేబుల్ పటములలో ఎక్కడను లేదు. దీనినిబట్టి ఆయన కండ్లు మూసికొన్నాడని తీర్పుచెప్పినవారు కలరు. ఆ తీర్పులో కొంత నిజమున్నది: ఆయన చూపు మర యజమాని కొడుకు చూపు, గడ్డి కోయువారు ఆయన పటములో దూరపు చుక్కలే. కాని ఆ పటములలో సోమరితనము లేదన్నదియు అంతే నిజము. తాడు విప్పువాడు, పడవ కట్టువాడు, లాకు తలుపు త్రిప్పువాడు, బండి తోలువాడు — ప్రతివానికి పని యున్నది, ఆ పని సరియైన తీరున జరుగుచున్నది. ఆనాటి పెద్దలకు దృశ్యచిత్రమన్న శిథిలదేవాలయములు, గ్రీకు వనదేవతలు కావలెను. ఆయన వారి యెదుట పిండిమరను నిలిపినాడు. ఊరి ఏటిగట్టుననున్న పాతపలకలు, తూమునుండి దుముకు నీరు, తడిసిన కొయ్యలే తన్ను చిత్రకారుని చేసినవని 1821లో మిత్రుడు జాన్ ఫిషర్‌కు వ్రాసినాడు.

గడ్డిబండి పటమునకు ఆయన పడిన శ్రమ ఈ గుణమునకే సాక్ష్యము. లండనులో కూర్చుండి వ్రాయుచు బండి ఆకారమున సందేహము కలుగగా తమ్మునికి కబురు చేసినాడు. డంథార్న్ కుమారుడు చలిలో నిలిచి పొలముబండి బొమ్మలు గీయగా ఏబ్రం వాటిని పంపినాడు. ఆ బండి మడుగులో ఎందుకు నిలిచినదన్న ప్రశ్నకు మన రైతుబిడ్డలు ఇట్టే సమాధానము చెప్పగలరు. ఏరు దాటుటతోపాటు ఎండకు చక్రపు కొయ్య కుదించుకొని ఇనుపకట్టు వదులగును. నీటిలో కొంతసేపు నిలిపినచో కొయ్య ఉబ్బి కట్టు బిగియును.

1821లో నూటయేబది గినీలు ధర పెట్టగా లండనులో కొన్నవాడు లేడు. తుదకు ప్యారిస్‌నుండి వచ్చిన ఆరోస్మిత్ అను వర్తకుడు దీనిని, మరి రెండు పటములను కలిపి 250 పౌండ్లకు తీసికొనిపోయినాడు. 1824లో ప్యారిస్ సలోన్ ప్రదర్శనమున రాజు పదవ ఛార్లెస్ దీనికి బంగారు పతకము నిచ్చినాడు. అక్కడి యువచిత్రకారులు తడిసిన ఆకుల మెరపు చూచి విస్మితులైనారు. డెలాక్రవా తన పటమునే దిద్దుకొన్నాడని చెప్పుదురు. స్వదేశమున మాత్రము పూర్ణసభ్యత్వమునకు 1829 దాక వేచియుండవలసివచ్చినది. అదియు ఒక్క వోటు ఆధిక్యముతో. అంతకు ముందటి యేడే మరియా క్షయరోగముతో మరణించినది. 1832లో ఒకనాడు బండిలో డెడమ్ లోయగుండా పోవుచు అందము మెచ్చుకొనగా, ఇది కాన్‌స్టేబుల్ సీమ అని తోటి ప్రయాణికుడు ఆయనకే చెప్పినాడు! 1837లో ఆయన మరణించినాడు. మరపటము అమ్ముడుపోక ఇంటనే ఉండిపోయినది. 1888లో కుమార్తె ఇసబెల్ మరణశాసనముతో అది జాతిసొత్తైనది.

తరువాతి కథ ఇనుముది. 1846లో ఆ ప్రాంతమునకు రైలు వచ్చినది. 1849 నాటికి ఎగువనున్న సడ్బరీ పట్టణమును చేరినది. పడవల బేరము క్షీణించినది. 1870 తరువాత రాళ్లకు బదులు ఉక్కురోలర్లతో పిండిచేయు మరలు రేవుపట్టణములలో వెలసినవి. అమెరికా గోధుమ ఓడదిగినచోటనే తెల్లని పిండి కాజొచ్చినది. ఏటిగట్టు మరకు గింజ లేదు, పిండికి పడవ లేదు. ఇంచుమించు 1900 నాటికి ఫ్లాట్‌ఫర్డ్ మర నిలిచిపోయినది. ఎదుటి పెంకుటిల్లు కూలుటకు సిద్ధమైనది. విలీ లాట్ అను రైతు అందులో ఎనుబదియేండ్లకు పైగా జీవించి, బయట నిద్రించినది నాలుగు రాత్రులేనని ప్రతీతి. అంతటి నమ్మకస్థుడు పోయిన తరువాత ఇంటిని పట్టించుకొనువాడు లేకపోయినాడు.

ఇంగ్లాండులో ఇట్లు నిలిచిపోయిన మరలు అసంఖ్యాకము. పెక్కింటి ఇటుకలు గోడలలో కలిసిపోయినవి. ఫ్లాట్‌ఫర్డ్ మరను రక్షించినది దాని పిండి కాదు. దాని కొడుకు వ్రాసిన పటము. 1920ల చివర ఇప్స్‌విచ్ నివాసి థామస్ పార్కింగ్టన్ మరను, ఇంటిని కొని బాగుచేయించినాడు. 1943లో అవి నేషనల్ ట్రస్టు వశమైనవి.

అయితే లోపల రాళ్లు తిరుగని కట్టడమును మర యనవచ్చునా? యంత్రభాగములు పోయినవి, గోడలు, మడుగు మిగిలినవి. చక్రమును మరల అమర్చి పిండి ఆడించి చూపుట ఒక పద్ధతి. ఇంగ్లాండులో కొన్ని మరలు అట్లు సాగుచున్నవి. ఫ్లాట్‌ఫర్డ్‌కు వేరొక పని దొరికినది. ఉపాధ్యాయులు దీనిని గమనింపదగును. లండను పాఠశాలల తనిఖీదారు ఫ్రాన్సిస్ బట్లర్ యుద్ధమధ్యమున, 1943లోనే, ఒక సంఘమును స్థాపించినాడు. పటణపు బిడ్డలు మొక్కను పుస్తకమున గాక మొలచినచోట చూడవలెను. అందుకు ఊళ్లలో బసతోగూడిన కేంద్రములుండవలెను — ఇది ఆయన పట్టుదల. 1946లో ఆ సంఘపు మొదటి కేంద్రము తెరచినది ఈ మరలోనే. మొదటి నిర్వాహకుడు ఎరిక్ ఎన్నియన్. వృత్తిచే వైద్యుడు, అభిరుచిచే పక్షుల చిత్రకారుడు. మరవాని కొడుకు నడచిన గట్టున మరల ఒక చిత్రకారుడు పుస్తకము చేతబట్టి తిరుగుట చక్కని యాదృచ్ఛికము.

ధాన్యపు బస్తాలు దొర్లిన అంతస్తులలో విద్యార్థులకు పడకలు వేసినారు, పాఠపుగదులు ఏర్పరచినారు. ఉదయమున వారు రబ్బరు బూట్లు తొడిగి, చిన్నవలలు పట్టి మడుగులోనికి దిగెడివారు. గాజుసీసాలలో నీటిపురుగులు, ఆకులు. చేతిలో కొలకఱ్ఱ, గడియారము. ఏటిలో తేలుచు పోవు పుల్ల ఇన్ని గజములు ఎన్ని నిమిషములలో దాటినదో లెక్కవేసి పలకపై వ్రాసికొనెడివారు. నీటి వేగమును ఆ గట్టున గోల్డింగ్ మనుష్యులును కొలిచినారు, తూము తలుపు ఎంత ఎత్తవలెనో తెలిసికొనుటకు.